చక్రం మారిస్తే సరిపోతుందా?

పోయిన నెల మా ఇంట్లో పది రోజులపాటు ఒకటే గొడవ. ఆస్తి గొడవా కాదు, పెళ్లి సంబంధం గొడవా కాదు. స్టీరింగ్ గొడవ. మా మామయ్యగారి పాత అంబాసిడర్ కారుకు కొత్త రకం స్టీరింగ్ వేయించాలా వద్దా అని. కారు గురించి ఆడవాళ్లకు చెప్పేదేముంది అనుకోకండి. చదివితే ఇది కారు గొడవ ఒక్కటే కాదని మీకే తెలుస్తుంది.

మాది తెనాలి. మామయ్యగారు దుగ్గిరాలలో పసుపు కమీషన్ వ్యాపారం చేసేవారు. ఆ రోజుల్లో డబ్బు కట్టి, నెలల తరబడి ఎదురుచూసి కొన్న కారు ఇది. 1984 మోడల్, మార్క్ 4. తెల్లది. కొన్న రోజు ఇంటి ముందు గుమ్మడికాయ కొట్టి, స్టీరింగ్‌కి పసుపు రాసి బొట్టు పెట్టారట. బొట్టు పెట్టింది అత్తయ్యగారు. ఆ స్టీరింగ్ మీద ఆవిడ చెయ్యి పడింది ఆ ఒక్కరోజే. తర్వాత నలభై ఏళ్లూ ఆవిడ పక్క సీట్లోనే కూర్చున్నారు.

నేను ఈ కారు నేర్చుకుంది ముప్ఫై ఒకటో ఏట. మావారికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి చిన్న కారు అక్కడికి తీసుకెళ్లారు. ఇక్కడ మిగిలింది ఈ ఏనుగు. గేరు రాడ్డు కింద కాదు, స్టీరింగ్ పక్కనే ఉంటుంది. స్టీరింగ్ చక్రం ఎంత పెద్దదంటే, మొదటి రోజు పట్టుకుంటే మా అమ్మమ్మ వాళ్లింట్లో అప్పడాలు ఎండబెట్టే పళ్లెం గుర్తొచ్చింది. "బలం పెట్టకు, బండి కదులుతుండగా తిప్పు" అని మామయ్యగారే నేర్పారు. ఆ విషయంలో ఆయన్ని మెచ్చుకోవాలి. భార్యకు ఇవ్వని స్టీరింగ్ కోడలికి ఇచ్చారు. కాలం మారిందో, అవసరం వచ్చిందో నాకు తెలీదు. రెండూ అయ్యుండచ్చు.

ఇప్పుడు మామయ్యగారికి కంట్లో నీటికాసులు. నెలకోసారైనా విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆటోలో ఎక్కించుకుని వెళ్లచ్చు కదా అంటారేమో. ఆయనకు మోకాళ్లు వంగవు. అంబాసిడర్ సీటు ఎత్తుగా ఉంటుంది, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని, కుర్చీలోంచి లేచినట్టు లేవచ్చు. ఈ రోజుల్లో చిన్న కార్లలో ఆయన్ని కూర్చోబెట్టడం ఒక ఎత్తు, లేపడం పది ఎత్తులు. అందుకే ఇంకా ఆ కారే నడుపుతున్నాం. అభిమానం ఉంది, కాదనను. కానీ అభిమానం కంటే మోకాళ్లే ఎక్కువ.

నాకు నలభై ఆరు. రెండేళ్లుగా కుడి భుజం పట్టేసింది. ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు డాక్టరు. నలభై దాటిన ఆడవాళ్లలో ఇది చాలామందికి వస్తుందట, షుగరు ఉంటే మరీనట. మీలో ఎంతమందికి ఉందో. జడ వేసుకోవడానికి, పై అరలో డబ్బా దించడానికి ఎంత తంటానో ఉన్నవాళ్లకే తెలుసు. వ్యాయామాలు చేశాను, చాలావరకు తగ్గింది. కానీ చెయ్యి ఒక ఎత్తు దాటి లేపితే ఇప్పటికీ కలుక్కుమంటుంది.

ఇక అసలు సంగతి. ఆ రోజు ఆసుపత్రి నుంచి తిరిగొస్తున్నాం. కంట్లో చుక్కలు వేస్తే వెలుతురు చూడలేరు కాబట్టి మామయ్యగారు వెనక సీట్లో కళ్లు మూసుకుని పడుకున్నారు. అత్తయ్యగారు నా పక్కన. మంగళగిరి, దుగ్గిరాల దాటి ఊళ్లోకి వచ్చేశాం. మా సందు మలుపులో ఎడమకు తిప్పుతుండగా సైకిల్ మీద ఒక పిల్లాడు ఎదురొచ్చాడు. ఇంకో అర చుట్టు తిప్పాలి. నా భుజం సగంలో ఆగిపోయింది. చెయ్యి వదిలేశాను, బ్రేకు మీద నిలబడ్డాను. మడ్‌గార్డు పక్కింటి ప్రహరీకి రాసుకుంది. పిల్లాడికి ఏమీ కాలేదు. "సారీ ఆంటీ" అని వాడే చెప్పి వెళ్లిపోయాడు. నా కాళ్లు మాత్రం రాత్రి దాకా వణుకుతూనే ఉన్నాయి.

ఆ రాత్రి ఇంట్లో మూడు అభిప్రాయాలు.

మా అబ్బాయి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. "అమ్మా, ఆ పళ్లెం తీసేద్దాం. కొత్త కార్ల స్టీరింగ్ చూడు, చిన్నగా, మెత్తగా, ఎంత హాయిగా ఉంటుందో. ఆటోనగర్‌లో పాత కార్లు విప్పేసే చోట దొరుకుతాయి. ఎయిర్‌బ్యాగ్ ఉన్నదే వేద్దాం, సేఫ్టీ కూడా" అన్నాడు. ఫోన్లో బొమ్మలు కూడా చూపించాడు. నల్ల తోలు, ఎర్ర దారం కుట్టు. చూడ్డానికి నిజంగా బాగుంది.

మామయ్యగారు ఒకే ముక్క అన్నారు. "నేను పోయాక మార్చుకోండిరా."

మావారు ఫోన్లో, "అమ్మేయండి. మన మనశ్శాంతి కంటే బండి ఎక్కువా?" అన్నారు. ఆయనకు అక్కణ్ణుంచి తేలిక.

నన్ను ఎవరూ అడగలేదు. నా భుజం గురించి మొదలైన మాట నన్ను దాటుకుని తాతయ్యకూ మనవడికీ మధ్య పంతంగా మారింది. పది రోజులు ఇద్దరికీ మాటల్లేవు. అన్నం వడ్డించేటప్పుడు ఒకరి మాట ఒకరికి నేను చేరవేయాల్సి వచ్చేది.

పదకొండో రోజు నేనే బండి తీసుకుని అబ్బాయిని కూర్చోబెట్టుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. మామయ్యగారి కాలం నుంచి మా బండి చూసే పెద్ద మేస్త్రీ అక్కడ ఉన్నాడు. అరవై దాటాయి. ఇప్పటికీ పానా చేతిలో ఉంటే తప్ప మాట్లాడడు. మావాడు చెప్పిందంతా విన్నాడు. "వేయచ్చు బాబూ. ఎందుకు వేయకూడదు? కానీ ఏం వస్తుందో తెలుసుకుని వేయించుకోండి" అని కూర్చోబెట్టి చెప్పాడు. నాకు అర్థమైనట్టు మీకు చెప్తాను.

మొదటిది. స్టీరింగ్ చక్రం మధ్యలో కింది నుంచి వచ్చే కడ్డీకి సన్నటి పళ్లుంటాయి. ఆ పళ్లు ఒక్కో కంపెనీకి ఒక్కో లెక్క. ఈ కారు చక్రం ఆ కారుకు నేరుగా కూర్చోదు. మధ్యలో బాస్ కిట్ అని ఒక ముక్క వేయాలి. మా బండికి రెడీమేడ్‌గా దొరక్కపోతే లేతు మీద చేయించాలి. అది ఒక వెంట్రుకవాసి వదులుగా ఉన్నా ప్రమాదమే. హారన్ వైరు కూడా తిప్పినప్పుడల్లా తెగకుండా ఆనేలా మళ్లీ అమర్చాలి.

రెండోది నన్ను ఆశ్చర్యపరిచింది. "మేడమ్‌గారి భుజానికి చిన్న చక్రం కాదు, పెద్ద చక్రమే మంచిది" అన్నాడు. ఆ బండికి పవర్ స్టీరింగ్ లేదు. చక్రం అంత పెద్దగా పెట్టిందే తేలిగ్గా తిరగడానికి. బావి గిలక చేతిపిడి పొడుగ్గా ఉంటే తోడటం తేలిక కాదూ, అదే లెక్క. టేపు పెట్టి కొలిచాడు. పాతది అడ్డంగా 16 అంగుళాలు దాటింది. మావాడు చూపించింది 14. "అంటే ఇప్పుడు తిప్పే బలానికి ఇంకో ఏడో వంతు బలం ఎక్కువ పెట్టాలి" అని ఇంజినీరు గారు తనే కాగితం మీద లెక్కేసి మొహం చిన్నబుచ్చుకున్నాడు. కొత్త కార్లలో చిన్న చక్రం హాయిగా తిరుగుతుందంటే అది చక్రం గొప్ప కాదు. కింద ఒక మోటారు మనకు కనపడకుండా తోస్తూ ఉంటుంది.

మూడోది ఎయిర్‌బ్యాగ్. బండి గుద్దుకుందని కనిపెట్టే సెన్సర్లు, ఎప్పుడు తెరవాలో నిర్ణయించే ఒక చిన్న కంప్యూటరు, వాటికి వైర్లు, అన్నిటికంటే ముఖ్యం సీటు బెల్టు. ఇవన్నీ కలిస్తేనే అది కనురెప్ప వేసేలోపు తెరుచుకుని మనిషిని కాపాడుతుంది. ఇవేవీ లేకుండా చక్రం ఒక్కటే తెచ్చి బిగిస్తే ఎదుట కనపడేది ఆ అక్షరాలే. గుద్దుకున్నా తెరుచుకోదు. పైగా అందులో ఉండేది మందుగుండు లాంటిది. తెలియనివాళ్లు విప్పేటప్పుడు ఎక్కడో కరెంటు తగిలితే మొహం మీదే పేలచ్చు. "నా షాపులో మాత్రం అది పెట్టను" అన్నాడు.

నాలుగోది అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసింది. చక్రం కింద ఉండే ఆ కడ్డీని కాలమ్ అంటారు. ఈ బండి పుట్టుక ఇంగ్లండులో. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు నమూనా తెచ్చి, కోల్‌కతా దగ్గర ఉత్తరపారాలో 1950ల చివర్లో తయారీ మొదలుపెట్టారు. 2014 దాకా నడిచింది. అంటే మూల రూపం డెబ్బై ఏళ్ల నాటిది. ఆ రోజుల్లో కాలమ్ అంటే తిన్నటి ఇనుప కడ్డీ. ముందు గట్టిగా గుద్దుకుంటే అది బల్లెంలా డ్రైవరు గుండె మీదికి వస్తుంది. దెబ్బ తగిలితే లోపలికి ముడుచుకుపోయే కాలమ్‌లు అమెరికా కార్లలో 1967 ప్రాంతంలో వచ్చాయి. ఇప్పటి కార్లన్నిటిలో అవే. మన దేశంలో కొత్త కార్లకు డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేసింది 2019 జులై నుంచి. "చక్రం మారుస్తారు. దాని వెనకున్న బల్లెం అలాగే ఉంటుంది కదమ్మా" అన్నాడు మేస్త్రీ.

తిరిగొస్తూ దారంతా నేను ఆ మాటే తలుచుకున్నాను.

నేను చదివింది బీఏ తెలుగు. ఇనుము గురించి నాకేం తెలుసు? కానీ ఆ మాట నాకు ఇల్లులా వినిపించింది. మనం ఇళ్లల్లో చేసే మార్పులు చాలావరకు ఇలాంటివే కదా. చేతికి తగిలే చక్రం మారుస్తాం. వెనకున్న కడ్డీని ముట్టుకోం.

మా పిన్ని కూతురింట్లో పోయిన ఏడాది వంటగది మొత్తం మార్చారు. చిమ్నీ, సొరుగులు, మెత్తగా మూసుకునే తలుపులు. చూడ్డానికి రెండు కళ్లు చాలవు. పొద్దున్నే ఐదింటికి లేచి ఆ వంటగదిలో నిలబడేది మాత్రం ఇప్పటికీ అదొక్కతే. ముందు మసి గోడల మధ్య నిలబడేది, ఇప్పుడు మెరిసే గోడల మధ్య నిలబడుతోంది. "ఇంత ఖర్చు పెట్టి చేయించాను, ఇంకా నడుం నొప్పి అంటావేంటి?" అంటాడు మరిది. చక్రం కొత్తది వేయించాడు. మోటారు వేయించలేదు. ఇంకా చెప్పాలంటే బరువు కాస్త పెరిగింది కూడా. ఇప్పుడు ఆ సొరుగులు తుడిచే పని కొత్తగా చేరింది.

కోడల్ని ఉద్యోగానికి పంపుతున్నాం, మాది మోడరన్ కుటుంబం అంటారు కొందరు. సాయంత్రం ఆరింటికి వచ్చి ఆ పిల్ల చీర కూడా మార్చుకోకుండా కుక్కరు పెడుతుంది. ఎయిర్‌బ్యాగ్ అని అక్షరాలు రాసి ఉన్నాయి. లోపల వైరు లేదు. అమ్మాయికి ఒంట్లో బాగోలేని రోజు, బిడ్డకు జ్వరం వచ్చిన రోజు, ఆఫీసులో మాట పడ్డ రోజు, అంటే దెబ్బ తగిలిన రోజు, ఆ బ్యాగు తెరుచుకోవాలి. తెరుచుకోదు. అది ఉందనుకుని నమ్మి కూర్చోవడం, లేదని తెలిసి జాగ్రత్తగా ఉండటం కంటే ప్రమాదం.

కాబట్టి అబ్బాయి మాట ఒప్పుకోలేకపోయాను. అలాగని మామయ్యగారి మాట ఒప్పుకున్నానని కాదు.

పాతది ముట్టుకోకూడదు అనేవాళ్లతో నాకో పేచీ ఉంది. ముట్టుకోవద్దనేవాళ్లు చాలావరకు దాన్ని రోజూ మోసేవాళ్లు కారు. మామయ్యగారు స్టీరింగ్ పట్టి ఎనిమిదేళ్లయింది. ఆయనకు అది జ్ఞాపకం. నాకు అది పని. జ్ఞాపకానికి భుజం నొప్పి ఉండదు. రోలు తీయద్దు, అందులో రుబ్బితేనే రుచి అనే పెద్దాయన రుబ్బడు కదా! ఇందులో ఇంకో తమాషా ఉంది. మార్చద్దు, మార్చద్దు అనే ఆ బండి నిజంగా మారకుండా ఉందా? మామయ్యగారే తన రోజుల్లో టేప్ రికార్డరు పెట్టించారు. ముందు సీటు మీద రెక్సిన్ మార్పించారు. కొన్నేళ్ల కిందట మావారు షోకు కోసం వెడల్పు టైర్లు వేయించారు. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. తమకు నచ్చిన మార్పు సౌకర్యం, ఇంకొకరికి కావలసిన మార్పు అపచారం. ఇది కార్ల దగ్గరే కాదు, పండగ పద్ధతుల దగ్గర, కట్టుబట్టల దగ్గర, ఇంటిపేరు దగ్గర మనం రోజూ చూసేదే.

ఆ టైర్ల సంగతి ఎందుకు చెప్పానంటే అసలు చిక్కంతా అక్కడే ఉంది. మేస్త్రీ కారు చుట్టూ ఒకసారి తిరిగి, కింద దూరి చూసి, "ఈ టైర్లు ఎవరు వేయించారు?" అని అడిగాడు. వెడల్పు టైరు నేలను ఎక్కువ పట్టుకుంటుంది. నెమ్మదిగా పోయేటప్పుడు, మలుపుల్లో, బరువంతా చేతుల మీదే పడుతుంది. పైగా గాలి తక్కువగా ఉంది. స్టీరింగ్ కడ్డీ చివర రాక్ అని పళ్ల పట్టీ ఉంటుంది, చక్రం తిప్పితే అది అటూ ఇటూ జరిగి ముందు చక్రాలను తిప్పుతుంది. దాని మీది రబ్బరు తొడుగు చిరిగి, లోపలికి దుమ్ము చేరి, గ్రీజు ఎండిపోయి రాయిలా అయిపోయింది. "చక్రం తప్పేం లేదమ్మా. దాని కింద ఉన్నవాటిని ఎవరూ చూసుకోలేదు. అంతే" అన్నాడు.

చూశారా! అన్నేళ్లుగా బండి బరువెక్కుతూ వచ్చింది. నా వయసు పెరుగుతోంది కాబట్టి నాకే చేతకావట్లేదు అనుకున్నాను. భుజానికి నూనె రాసుకున్నాను, వ్యాయామాలు చేసుకున్నాను, నన్ను నేను తిట్టుకున్నాను. బరువు బండిలో ఉందేమో అని ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. ఇలా ఎన్ని విషయాల్లో మనం బరువెక్కినదాన్ని వదిలేసి మన చేతులనే తప్పుపట్టుకుంటామో మీరే ఆలోచించండి.

ఇక మిగిలింది అత్తయ్యగారి సంగతి.

ఆటోనగర్ నుంచి వచ్చిన సాయంత్రం అందరం హాల్లో కూర్చున్నాం. మావారు కూడా శనివారం కాబట్టి వచ్చారు. నేను మేస్త్రీ చెప్పిందంతా చెప్తున్నాను. అత్తయ్యగారు చిక్కుళ్లు ఈనెలు తీస్తున్నారు, ఎడమ చేత్తో. ఆవిడ కుడిచేతివాటం మనిషి. "అదేంటత్తయ్యా, ఆ చేత్తో తీస్తున్నారు?" అన్నాను. ఏం లేదమ్మా అన్నారు. దగ్గరకెళ్లి చూస్తే కుడి మణికట్టు ఇంకా వాచే ఉంది. ఆ రోజు నేను బ్రేకు వేసినప్పుడు ముందుకు పడిపోయి డాష్‌బోర్డుకు చెయ్యి అడ్డం పెట్టారట. పదకొండు రోజులుగా చెప్పలేదు. పసుపు పట్టు వేసుకుని చీర కొంగు కప్పుకుని తిరుగుతున్నారు. "మీ భుజం గోలలో మీరున్నారు కదా" అన్నారు నాతో.

తర్వాత ఆవిడ అన్న మాట నేను మర్చిపోలేను. "స్టీరింగ్ పట్టుకున్నవాళ్లకు పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. చిన్నదో పెద్దదో. నలభై ఏళ్లుగా పక్కన కూర్చున్నదానికి పట్టుకోవడానికి ఏముంది?"

ఎవరం మాట్లాడలేదు. మామయ్యగారు కూడా.

నన్ను ఎవరూ అడగలేదని పైన నిష్ఠూరం ఆడాను కదా. నేను ఆవిడను అడిగానా? ఆ మలుపు దగ్గర బండి దిగి పిల్లాడిని చూశాను, మడ్‌గార్డు చూశాను, వెనక మామయ్యగారిని చూశాను. పక్క సీటు చూడలేదు. స్టీరింగ్ నా చేతికి వచ్చాక నేను కూడా స్టీరింగ్ పట్టినవాళ్లలాగే ఆలోచించడం మొదలుపెట్టానన్నమాట. ఇది ఒప్పుకోవడం కష్టంగానే ఉంది, కానీ రాయకపోతే ఈ వ్యాసం రాసి ప్రయోజనం లేదు. సుభద్ర అర్జునుడికి రథం తోలిందని చెప్పుకుని మురిసిపోతాం. పగ్గాలు ఆడదాని చేతికి రావడం మంచిదే. వచ్చాక పక్కన ఉన్నవాళ్లు కనపడకపోతే మాత్రం చేతులు మారాయి, పద్ధతి మారలేదు.

మర్నాడు అత్తయ్యగారిని ఎముకల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాం. అదృష్టం కొద్దీ విరగలేదు, బెణుకు. పట్టీ వేశారు.

ఆ తర్వాత బండికి మేం చేయించినవి ఇవీ. వెడల్పు టైర్లు తీసేసి, కంపెనీ మొదట ఇచ్చిన సైజువి వేయించాం. రాక్ విప్పి శుభ్రం చేయించి, రబ్బరు తొడుగులు కొత్తవి వేయించి, గ్రీజు పెట్టాల్సిన చోటల్లా పెట్టించాం. ముందు చక్రాల అలైన్‌మెంట్ చేయించాం. పాత స్టీరింగ్ చక్రం మీద రెండు మూడు చోట్ల పగుళ్లున్నాయి, పగుళ్లలో ఎపాక్సీ నింపి, అరగదీసి రంగు వేశారు. దాని మీద కుట్టు వేసిన తోలు తొడుగు మావాడి కోరిక, అది కాదనలేదు. పట్టు బాగుంది, చెమటకు జారట్లేదు. ఎర్ర దారమే వాడమన్నాడు. తాతయ్య చూసి, "ఇదేంట్రా, పెళ్లికూతురి చెయ్యిలా ఉంది" అన్నారు. పదిహేను రోజుల తర్వాత ఆయన వాడితో అన్న మొదటి మాట అది.

అన్నిటికంటే ముందు చేయించింది మాత్రం సీటు బెల్టులు. ముందు రెండు, వెనక రెండు. బెల్టు సీటుకు కట్టేస్తే లాభం లేదట. బాడీకి బిగించాలి, బోల్టు ఊడి రాకుండా వెనకాల మందపాటి ఇనుప ప్లేటు వేయాలి. అలాగే చేయించాం. పక్క సీటు పైన పట్టుకోవడానికి ఒక పిడి కూడా. అత్తయ్యగారు మొదటిసారి దాన్ని పట్టుకుని రెండుసార్లు గుంజి చూశారు. "గట్టిగానే ఉంది" అన్నారు.

బండి ఇప్పుడు ఎలా ఉందంటారా? కొత్త కారులా ఒక్క వేలితో తిరగదు. కానీ ఆ సందు మలుపు ఇప్పుడు భుజం లేపకుండా తిప్పగలుగుతున్నాను. బల్లెం అలాగే ఉంది, అది నాకు తెలుసు. అందుకే హైవే మీద తొందరపడను, రాత్రిళ్లు తీయను. ఉన్న ప్రమాదం ఉన్నట్టు తెలిసి నడపడం కూడా ఒక భద్రతే. ఎప్పుడైనా నా భుజం ఇంకా ఇబ్బంది పెడితే, కరెంటు మోటారుతో తిరిగే పవర్ స్టీరింగ్ అమర్చే పని కూడా ఉందని మేస్త్రీ చెప్పాడు. అది పెద్ద మార్పు, అప్పుడు రవాణా శాఖ వాళ్లను అడిగి చేయాలి.

ఆ మాట వచ్చింది కాబట్టి, మీ ఇంట్లో కూడా ఇలాంటి పాత బండి ఉంటే మూడు ముక్కలు చెప్తాను.

ఒకటి, చట్టం. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చినదానికి భిన్నం అయ్యేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. పెద్ద మార్పు ఏది చేయాలన్నా ముందు అడిగి చేయండి. యాభై ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ అని 2021లో ప్రత్యేకంగా నిబంధనలు పెట్టారు. ఛాసిస్, బాడీ, ఇంజిన్ లాంటివి పెద్దగా మార్చేసిన బండికి అది రాదు. మా బండికి యాభై నిండేది 2034లో. అప్పటికి మామయ్యగారికి తొంభై రెండు. "చేయిద్దాంలే" అంటున్నారు!

రెండు, ఏది మార్చినా తిరిగి వెనక్కి తీసుకోగలిగేలా మార్చండి. కోయడం, వెల్డింగ్ చేసేయడం చివరి మాట. ఒకవేళ చక్రం మార్చక తప్పకపోతే పాతది పారేయకండి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టండి. కొత్తది పాతదానంత వ్యాసం ఉన్నదే చూసుకోండి. పాత కార్ల నుంచి విప్పిన ఎయిర్‌బ్యాగ్ చక్రాల జోలికి మాత్రం పోకండి.

మూడోది చట్టంలో లేదు. ఏ మార్పైనా నిర్ణయించే ముందు, దాన్ని రోజూ తిప్పేది ఎవరో అడగండి. వాళ్లను అడిగాక, వాళ్ల పక్కన కూర్చునేది ఎవరో చూడండి. వాళ్లనూ అడగండి. వాళ్లు ఏం లేదు అంటారు. ఏ చేత్తో చిక్కుళ్లు తీస్తున్నారో కూడా చూడండి.

మొన్న ఆదివారం ఊరి బయట ఖాళీ స్థలంలో బండి ఆపాను. "ఒకసారి కూర్చుంటారా అత్తయ్యా?" అని అడిగాను. "ఈ వయసులో నాకెందుకే" అన్నారు. బలవంతం చేయలేదు. వాళ్లకు ఇష్టం లేనిది వాళ్ల చేతికి ఇచ్చి మన గొప్ప చూసుకోవడం కూడా ఒక రకం షోకే కదా. ఇంటికొస్తుంటే మాత్రం దారిలో ఆవిడే అన్నారు, "కాస్త నెమ్మదిగా పోనీ. ఆ మలుపు దగ్గర నాకింకా భయమే."

నలభై ఏళ్లలో ఆ బండిలో కూర్చుని ఆవిడ నెమ్మదిగా పోనీ అనడం నేను మొదటిసారి విన్నాను. నెమ్మదిగానే పోనిచ్చాను.